పాటలు దాటేస్తే కథ మిగలదు

సంపాదకులకు,

అయ్యా,

సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో కలిసి చూడదగ్గ సినిమాలంటూ మీ ఆదివారం అనుబంధంలో ఇచ్చిన జాబితాలో 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' కనబడగానే ప్రాణం లేచొచ్చింది. దాని కిందే "నిడివి ఎక్కువ, పాటలు దాటేస్తే పిల్లలకు విసుగు రాదు" అన్న మాట చదివి బాధ కలిగింది. ముప్ఫై ఏళ్లకు పైగా బడి పిల్లలకు సంగీతం చెప్పినదాన్ని. దయచేసి ఆ సలహా ఎవరూ పాటించవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఆ సినిమా నేను మొదట చూసింది 1970ల్లో, విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో, ఒక హాల్లో ఉదయం ఆట. మ్యాట్నీ వేళకి ముగించాలని కాబోలు, హాలువాళ్లు మధ్యలో కొన్ని ముక్కలు కోసేశారు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. చివర్లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ సంగీతోత్సవంలో, ఏడుగురు పిల్లల తండ్రి, నౌకాదళ అధికారి కెప్టెన్ వాన్ ట్రాప్ గిటారు పట్టుకుని 'ఎడెల్వైస్' పాడుతూ గొంతు పూడుకుపోయి ఆగిపోతాడు. పిల్లల్ని చూసుకోవడానికి మఠం నుంచి వచ్చి అతన్ని పెళ్లాడిన మరియా అందుకుంటుంది, పిల్లలు అందుకుంటారు, దేశాన్ని ఆక్రమించుకున్న నాజీ అధికారులు చూస్తుండగానే సభంతా గొంతు కలుపుతుంది. కొండల్లో పూసే తెల్ల పువ్వు మీద పాటకి అంతటి సైనికుడు ఎందుకు కదిలిపోయాడో నాకు అంతుపట్టలేదు. అది ఆస్ట్రియావాళ్ల జాతీయగీతమేమో అనుకుని ఇంటికొచ్చేశాను.

చాలా ఏళ్ల తర్వాత మా అబ్బాయి డీవీడీ తెచ్చాడు. మొత్తం 174 నిమిషాలూ చూశాను. అదే పాట ముందే ఒకసారి వస్తుంది! భార్య పోయాక ఇంట్లో సంగీతమే వద్దనుకున్న మనిషి, పిల్లలూ మరియా అడిగితే కాదనలేక, ఎన్నాళ్లకో గిటారు చేతిలోకి తీసుకుని తన ఇంటి హాల్లో మెల్లగా పాడతాడు. పెద్దమ్మాయి వచ్చి గొంతు కలుపుతుంది. ఇంట్లో తిరిగి దొరికిన పాట అది. దేశం చేయి జారిపోతున్న రాత్రి అతను సభలో పాడింది ఆ పాటే. ఆ మొదటి ముక్క లేకుండా రెండోదాన్ని చూపించి ఆ హాలువాళ్లు నా దగ్గర ఏం తీసేసుకున్నారో ఆ రోజు అర్థమై, ఒక్కదాన్నీ కూర్చుని ఏడ్చాను. (అది ఆస్ట్రియా జానపదం కూడా కాదు. ఈ సినిమాకి మూలమైన 1959 నాటి రంగస్థల నాటకం కోసం ఆస్కార్ హామర్‌స్టీన్ రాసినది, ఆయన రాసిన ఆఖరి పాట. మరుసటి ఏడాదే ఆయన పోయారు.)

ఈ సినిమాలో పాట కథకి విరామం కాదు. కెప్టెన్ మరియాను పెట్టే సర్దుకొమ్మంటాడు. అంతలో లోపల పిల్లలు పాడుతున్నది చెవిన పడుతుంది. లోపలికి వెళ్లి తనూ పాడతాడు, బయటికొచ్చి ఆమెను ఉండమని అడుగుతాడు. ఆ పాట దాటేస్తే చూసేవాళ్లకి అతనొక నిలకడలేని మనిషిలా కనిపిస్తాడు. విందు రాత్రి పిల్లలు వీడ్కోలు పాట పాడుతూ ఒక్కొక్కరే మేడ మీదికి వెళ్లిపోవడం సరదా అనిపిస్తుంది. ఉత్సవంలో అదే పాటతో ఒక్కొక్కరే వేదిక దిగి నాజీల నుంచి తప్పించుకుంటున్నప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టుకుని చూస్తాం. ఇక మరియా పిల్లలకు స్వరాలు నేర్పే 'డో రే మి' పాట గురించి సంగీతం చెప్పినదాన్ని చెప్పకుండా ఎలా ఉండను? మనం మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలతో మొదలుపెడతాం. మరియా ఎత్తుకునేవి మన శంకరాభరణం స్వరాలు. ముందు స్వరాలు, తర్వాత వాటికి మాటలు, అచ్చంగా మన పద్ధతే. తండ్రి ఊదే ఈలకి కవాతు చేసిన పిల్లలు ఆ పాట సాల్జ్‌బర్గ్‌లోని మిరాబెల్ తోట మెట్ల మీద ముగిసేసరికి గంతులేసే పిల్లలైపోతారు. ఆ మార్పు ఇంకెక్కడా మాటల్లో చెప్పలేదు.

మొన్న సెలవులకి హైదరాబాదు నుంచి మనవలు వచ్చారు. పెద్దాడు పాట మొదలవగానే రిమోట్ నొక్కబోయాడు. "నాన్నా, ఈ ఒక్కటీ నాకోసం వదిలెయ్" అని బతిమాలాను. నిడివి గురించి మీ భయం నాకూ ఉంది. అయితే సినిమాలోనే విశ్రాంతి ఉంది, మరియా మఠానికి తిరిగి వెళ్లిపోయే చోట. మొదటి రాత్రి అక్కడిదాకా చూసి ఆపేశాం. రెండో రాత్రి సంగీతోత్సవం దగ్గర నా ఒళ్లో ఉన్న రెండో తరగతి పిల్ల లేచి కూర్చుంది. "నాన్నమ్మా, ఇది వాళ్లింట్లో పాడిన పాటే కదా? మరి ఇప్పుడెందుకు ఏడుస్తున్నాడు?" అంది. పెద్దాడు రిమోట్ పక్కన పెట్టి దానికి నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు.

వేసవి సెలవులకి మళ్లీ ఇలాంటి జాబితా వేస్తారు కదా. అప్పుడు పాటలు దాటేయమనే ఆ వాక్యం తీసేసి, రెండు రాత్రులుగా చూడమని, విశ్రాంతి ఎక్కడ వస్తుందో ఒక ముక్క రాయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సంగీత ఉపాధ్యాయిని,
అనకాపల్లి