రిబ్స్ పాళ్లు పంపిస్తున్నా

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం చదివాను. ఇద్దరం ఒకే బార్బెక్యూ పోటీలో, అదే పొగలో మాంసం వండే పోటీలో దిగుతున్నామని రిబ్స్ (పక్కటెముకల మాంసం) మసాలా అడగడానికి అంత మొహమాటమేంట్రా? అడక్కపోతేనే బాధపడేవాణ్ణి. రాసుకో.

కప్పు బ్రౌన్ షుగర్, అర కప్పు పాప్రికా, పావు కప్పు ఉప్పు, రెండేసి చెంచాలు మిరియాల పొడి, వెల్లుల్లి పొడి, ఒక చెంచా ఆవపొడి. ఇవి కాస్త అటూ ఇటూగా అందరూ వేసేవే. నా రహస్యమల్లా దోరగా వేయించి దంచిన జీలకర్ర, ఒక చెంచా. గుంటూరు కారం మాత్రం అర చెంచా దాటనివ్వకు. కాన్సాస్ సిటీ బార్బెక్యూ సొసైటీ మార్కుల పద్ధతిలో టేబుల్‌కి ఆరుగురు జడ్జీలు, అందరికన్నా తక్కువ వచ్చిన మార్కు లెక్కలోంచి తీసేస్తారు. అంటే ఒకరికి నాలుక మండినా గట్టెక్కుతాం, ఇద్దరికి మండితే పోయినట్టే.

స్మోకర్ (పొగపొయ్యి) 275 ఫారన్‌హీట్‌లో పెట్టు, హికరీ కట్టె వెయ్యి. రెండు గంటలకి రంగు పట్టాక వెన్న, తేనె వేసి ఫాయిల్‌లో చుట్టు. ఇంకో గంటన్నర అయ్యాక గడియారం వదిలేసి మాంసాన్నే చూడు. ఎముక నుంచి ఊడి వస్తే ఇంట్లోవాళ్లు మెచ్చుకుంటారు గానీ, జడ్జీలు అతిగా ఉడికిందంటారు. కొరికినంత మేరే రావాలి.

బ్రిస్కెట్ (ఆవు రొమ్ము మాంసం) లోపలికి సూదితో ఎక్కించే ఇంజెక్షన్ సంగతి మాత్రం ఇప్పుడు రాయను, కోపం తెచ్చుకోకు. అది నాది కాదు. పక్క టెంట్ పెద్దాయన చెప్పాడు. మాంసం లోపలి వేడి 160 ఫారన్‌హీట్ దగ్గర గంటల తరబడి కదలదు చూడు, తడి ఆరుతూ వచ్చిన వేడినంతా లాగేసుకుంటుందే, ఆ అర్ధరాత్రి టెన్షన్‌లో నా పక్కన కూర్చుని, నన్ను నమ్మి చెప్పాడు. ఆయనా పోటీదారుడే. నా సొంతవి ఎవరడిగినా ఇస్తాను, కానీ ఒకరు నమ్మి చెప్పింది వాళ్లనడక్కుండా నీక్కూడా ఇవ్వలేను. వచ్చే పోటీలో కలుస్తాడు, అడుగుతా. సరేనంటాడనే నా నమ్మకం.

ఇచ్చేస్తే ఓడిపోతామన్న భయం నాకు లేదురా. ఛాంపియన్లే క్లాసులు పెట్టి పాళ్లతో సహా చెప్తున్నారు, మళ్లీ గెలుస్తూనే ఉన్నారు. గాలి మారినప్పుడు మంటని పట్టుకోవడం ఎవరికి వాళ్లే నేర్చుకోవాలి కదా.

ఇక నీ వంతు. చికెన్ థైస్ చర్మం అంత తేలిగ్గా తెగేలా ఎలా చేస్తున్నావు? లోపలి కొవ్వు కత్తితో గీకుతున్నావా, ఇంకేమైనా ఉందా? వివరంగా రాయి.

నీ
బావ