మౌనానికి ఒకే అర్థం చెప్పవద్దు

సంపాదకులకు నమస్కారం.

గత నెల మా అక్క కూతురికి పెళ్లిచూపులు జరిగాయి. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో రోజంతా నోరెత్తకుండా కూర్చుని పోటీ పరీక్షలకు చదువుకునే పిల్ల ఆమె. అబ్బాయి నచ్చాడా అని పెద్దలు అందరి ముందూ అడిగినప్పుడు తల దించుకుని, కొంగు అంచున ఊడిన దారప్పోగును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండిపోయింది. ‘మౌనం అర్ధాంగీకారం’ అంటూ మా బావగారు తాంబూలాలకు ముహూర్తం చూడమన్నారు. నేనూ ఊరుకున్నాను. ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతూ, "నాకిష్టం లేదు పిన్నీ, అంతమందిలో నాన్న పరువు పోతుందని పలకలేదు" అంది. ఆమె మౌనం తండ్రి మీది బెరుకు. నా మౌనం మాత్రం మనకెందుకొచ్చిందిలే అనుకున్న తప్పు.

ఈ తేడాలు మన భాషకు తెలియనివి కావు. ‘ఊరుకో’ అనే ఒక్క మాటతోనే ఏడ్చే పిల్లను ఓదారుస్తాం, ఎదురు చెప్పే పిల్ల నోరు మూయిస్తాం. మౌనవ్రతం వేరు, అలిగి మూగనోము పట్టడం వేరు, భయపడి కిమ్మనకపోవడం వేరు. కేరళలో జాతీయగీతం పాడకుండా గౌరవంగా లేచి నిలబడిన ముగ్గురు పిల్లలను బడి నుంచి పంపివేస్తే, ఆ మౌనం అగౌరవం కాదని 1986లో సుప్రీంకోర్టు తేల్చి, వారిని తిరిగి చేర్చుకోమంది. ప్రతిఘటించనంత మాత్రాన స్త్రీ సమ్మతించినట్టు కాదని 2013లో సవరించిన అత్యాచార చట్టం స్పష్టంగా చెప్పింది. న్యాయస్థానాలు ఇంత జాగ్రత్తగా విచారించే విషయాన్ని మనం ఇంట్లో కాఫీ చల్లారేలోగా తేల్చేస్తున్నాం. ఆ సామెత కూడా సగం అంగీకారమనే అంటోంది కదా, మిగతా సగం అడిగి తెలుసుకోవద్దా?

సంబంధాలు కుదిర్చే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. అమ్మాయినైనా అబ్బాయినైనా నలుగురిలో కాకుండా విడిగా, వారికి చనువున్న మనిషి చేత అడిగించి, వద్దన్నా ఎవరూ నొచ్చుకోరన్న ధైర్యమిచ్చి, నోరు తెరిచి చెప్పిన తరువాతే మాట ఇవ్వండి. మర్నాడు పొద్దున్నే నేను వెళ్లి మా బావగారితో మాట్లాడాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత లేచి, కూతుర్ని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని తానే అడిగారు.

— ఒక పాఠకురాలు, హైదరాబాద్