బీరువాలో ల్యాప్‌టాప్

అనంతపురం,
2026 ఫిబ్రవరి 15, శివరాత్రి.

రేయ్ మామా,

భయపడొద్దు, ఇంట్లో అందరూ బాగున్నారు. ఈ కాలంలో కాగితం మీద ఉత్తరం వస్తే ఎవరికో ఏదో అయిందనుకుంటారని ముందే చెప్తున్నా. ల్యాప్‌టాప్ బీరువాలో ఉంది, బీరువా తాళం మీ చెల్లెలి దగ్గరుంది, ఫోన్లో ఇంత పొడుగు టైప్ చేసే ఓపిక నాకు లేదు. అందుకే పాప పాత నోట్‌బుక్‌లో ఖాళీ పేజీలు చించి రాస్తున్నా. వెనకవైపు ఎనిమిదో ఎక్కం ఉంటుంది. ఎనిమిదేళ్లు యాభై నాలుగని రాసింది, పట్టించుకోవద్దు.

నీ వాయిస్ మెసేజ్ పొద్దున విన్నా. రాత్రి ఒంటిగంట పదికి పెట్టావు, ఏడు నిమిషాలు. మధ్యలో కుక్క అరుపు కూడా వినిపించింది, బాల్కనీలో నిలబడి మాట్లాడినట్టున్నావు. "తెల్లారితే వాడి మొహాన రిజైన్ కొడతా" అన్నావు. తెల్లారితే ఆదివారం, పైగా శివరాత్రి, కాబట్టి కొట్టి ఉండవు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఏ గురువారమో అవుతుంది. అంతదాకా ఆగుతావన్న నమ్మకం లేకనే మధ్యాహ్నం "ఏమీ పంపొద్దు, ఉత్తరం రాస్తున్నా" అని మెసేజ్ పెట్టా. నువ్వు నవ్వుతున్న బొమ్మ పంపావు. సరే, నవ్వుకో.

నాన్న పొద్దున్నే తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి దగ్గరికి పోయి సాయంత్రానికి వచ్చేశాడు, మోకాళ్లు పట్టుకుని. అమ్మా, మీ చెల్లెలూ ఉపవాసం. నేను మాత్రం మధ్యాహ్నం ఉగ్గాని తిన్నా, వాళ్లకు కనపడకుండా. రాత్రికి ఎలాగూ జాగరణ కాబట్టి తీరిగ్గా రాస్తా. నీకూ నాకూ ఈ పదేళ్లుగా ఎన్ని శివరాత్రులు అయ్యాయో లెక్కలేదు, పుణ్యం మాత్రం ఒక్కదానికీ రాలేదు.

నేను పాత కంపెనీ మానేసిన కథ నీకు సగమే తెలుసు. మిగతా సగం సిగ్గేసి చెప్పలేదు. 2023 ఫిబ్రవరి 28, రాత్రి పదకొండు నలభై. అమ్మ హాల్లో చెనిక్కాయలు ఒలుస్తోంది, నేను పక్కనే కూర్చుని ఫోన్లో నెలాఖరు లెక్కలు సరిచూస్తున్నా. మేనేజర్ నుంచి మెసేజ్: "ఎనీ అప్‌డేట్?" అంతే, రెండు మాటలు. ఆరోజు అది ఏడోసారి. నాకు ఏమైందో తెలీదు, ల్యాప్‌టాప్ తెరిచి నాలుగు లైన్లలో రాజీనామా కొట్టి పంపించేశా. నాకు సెలవు మంజూరు చేయడానికి వారం తీసుకునే మనిషి, తొమ్మిది నిమిషాల్లో "యాక్సెప్టెడ్" అని జవాబిచ్చాడు. అమ్మ తలెత్తి "ఏమైంది నాయనా, నవ్వుతాండావు?" అంది. నిజంగానే నవ్వుతున్నా. అంత హాయిగా ఉండింది.

ఆ హాయి మార్చి 10 వరకు ఉండింది. 90 రోజుల నోటీసు ఉంటే నేనే బతిమాలి, నోటీసు జీతం కోసుకోండి స్వామీ, నన్ను వదిలేయండి అని ఆరోజు బయటపడ్డా. ఆ తర్వాత ఒకరోజు సప్తగిరి సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే, లేబర్ కేసులు చూసే మనవాడొకడు "గ్రాట్యుటీ ఎంతొచ్చింది?" అన్నాడు. నాకు ఆ మాటే కొత్త. మానేసేటప్పుడు, చేసిన ఏళ్లను బట్టి కంపెనీ ఇచ్చే డబ్బట. నేను చేరింది 2018 ఆగస్టు 6న. అంటే నాలుగేళ్ల ఏడు నెలలు. అయిదేళ్లు నిండితేనే గ్రాట్యుటీ. అయిదో ఏడాదిలో 240 రోజుల పని ఉంటే చాలని మద్రాసు హైకోర్టు ఎప్పుడో ఒక తీర్పిచ్చిందట, దాన్ని చూపించి అడగొచ్చు గానీ అన్ని కంపెనీలూ ఒప్పుకోవట. నా సంగతికొస్తే, అయిదో ఏడాదిలో క్యాలెండర్ లెక్కకే 217 రోజులు. ఆ నోటీసు మూడు నెలలూ పళ్లు బిగించి చేసుంటే వాదించడానికైనా చోటుండేది. చివరి నెల బేసిక్ 26 వేలు. దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 15 వేలు, అయిదేళ్లకు 75 వేలు. అదీ ఆ నాలుగు లైన్ల మెయిల్ ఖరీదు. నోటీసు కింద కోసుకున్నది వేరే.

అక్కడితో అయిపోయిందా అంటే, పీఎఫ్ ఉందిగా. మన పేర్ల గోల నీకు తెలుసు. ఆధార్‌లో నా ఇంటిపేరు పొడి అక్షరం, అదీ ముందు. పీఎఫ్‌లో ఇంటిపేరు పూర్తిగా, చివర్లో. ఎవరు ఎక్కించారో, ఏ హిందీ రాష్ట్రపు క్లర్కుకి నేను అలా అర్థమయ్యానో తెలీదు. కంప్యూటర్ దృష్టిలో ఇద్దరం వేరువేరు మనుషులం. కొత్త కంపెనీకి డబ్బు మార్చాలంటే పాత కంపెనీ సంతకం కావాలి, పాత కంపెనీలో నా ఫోనెత్తే మనిషి లేడు. ఒక్క పేరు కోసం మూడుసార్లు బెంగళూరు తిరిగా, అయిదు నెలలు పట్టింది. ఇప్పుడంత కష్టం లేదులే. నీ యూఏఎన్, అదే పీఎఫ్ నంబరు, 2017 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ వచ్చి, ఆధార్‌తో వెరిఫై అయి ఉంటే, పేరూ పుట్టినరోజూ నువ్వే ఆన్‌లైన్లో దిద్దుకోవచ్చు, కంపెనీని అడగక్కర్లేదు. 2025 జనవరి నుంచి ఆ వీలు ఇచ్చారు. ఈ ఉత్తరం చదవడం అవగానే ఆ పని చెయ్. ఉద్యోగంలో ఉన్నప్పుడే చెయ్.

నువ్వనొచ్చు, "నేను చచ్చిపోతున్నా అంటే వీడు 75 వేల లెక్క చెప్తున్నాడు" అని. నిజమే. డబ్బు సంగతి ముందు ఎందుకు చెప్పానంటే, ఆ కోపం వల్ల నాకు వచ్చిందేమిటో కూడా చూడాలి కదా. కొత్త ఉద్యోగం వచ్చింది, జీతం కాస్త పెరిగింది. నెల తిరక్కుండానే రాత్రి పదింటికి "ఎనీ అప్‌డేట్?" వచ్చింది. మనిషి మారాడు, మెసేజ్ మారలేదు. మెసేజ్‌కి కాదు, దాన్ని చూసిన వెంటనే లేచి కూర్చునే నా అలవాటుకి మందు కావాలని అప్పుడు తెలిసింది. అలాగని తప్పంతా నాదే అని కూడా అనను. ఫ్రాన్సులో 2017 నుంచే ఆఫీసు వేళ దాటాక మెయిళ్లు చూడకుండా ఉండే హక్కు గురించి చట్టంలో రాసుకున్నారు. మనకు ఇంకా వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారన్న మాట మీదే చర్చలు నడుస్తున్నాయి. ఆ వార్త 2023లో టీవీలో వచ్చినప్పుడు నాన్న ఏమన్నాడో తెలుసా? "మేము చేయలేదా డబుల్ డ్యూటీలు? దానికి ఓటీ, అదే ఓవర్‌టైం డబ్బు, ఇస్తాండ్రి. మీకేమిస్తారంట?"

నాన్న కండక్టర్ ఉద్యోగం మనం చూసిందే కదా. నైట్ అవుట్ బస్సయితే ఏదో పల్లెలో బస్సు పైకెక్కి పడుకుని, తెల్లారకముందే మొదటి ట్రిప్పు వేసుకుని వచ్చేవాడు. పండగలకి ఇంట్లో ఉండింది తక్కువ. లెక్కలో తక్కువొస్తే సొంత జేబులోంచి కట్టాలి. ఆ బతుకు గొప్పదని నేను చెప్పను, ఆ మోకాళ్లు చూస్తే ఎవరూ చెప్పరు. కానీ డిపోలో క్యాష్ కట్టేసి సంచీ అప్పగించాక, మరుసటి డ్యూటీ దాకా ఆయన్ని "గుత్తి బస్సు సంగతేమైంది?" అని ఎవరూ అడగలేదు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, రేడియో పెట్టుకుని, రాగి సంగటి తినేవాడు. మనం అప్పగించడానికి సంచీ ఏది? అది ఎప్పుడూ జేబులోనే, పైగా చార్జింగ్ పెట్టుకుని మరీ.

ఈ బీరువా ఐడియా నాది కాదు, మీ చెల్లెలిది. ఆమెకీ ఇదే గొడవ. ప్రైవేటు స్కూల్లో టీచరు, రాత్రి తొమ్మిదిన్నరకు పేరెంట్స్ గ్రూపులో "మేడమ్, రేపు రికార్డ్ బుక్ ఏ రంగు అట్ట?" అని. ఒకరోజు నా ల్యాప్‌టాప్, తన స్కూలు ఫోను రెండూ పట్టుచీరల కింద పెట్టి తాళం వేసేసింది. ఎనిమిదిన్నరకు మూత, పొద్దున ఏడుకి తీత. మొదటి వారం నేను బీరువా ముందు తిరిగిన తిరుగుడు చూస్తే నవ్వుతావు. తాళం అడిగితే "ఎందుకు, ఎవరైనా చచ్చిపోతాండారా?" అంటుంది. ఒక్కసారి కూడా అవునని చెప్పలేకపోయా. మేనేజర్‌కి మాత్రం ముందే చెప్పా: సార్, ఎనిమిదిన్నర తర్వాత నిజంగా అర్జెంటయితే ఫోన్ చేయండి, మెసేజ్ పెడితే పొద్దున చూస్తా అని. ఈ ఎనిమిది నెలల్లో ఆయన ఫోన్ చేసింది రెండుసార్లు. అంటే మిగతా వందల మెసేజ్‌లు ఏ పాటి అర్జెంటో నువ్వే ఆలోచించు.

అంతా బాగైపోయిందనుకోవద్దు. మంగళ, బుధవారాలు ఆఫీసుకి రావాల్సిందే అన్నారు. సోమవారం రాత్రి పదకొండున్నరకు బస్సెక్కితే నాలుగింటికల్లా బెంగళూరు మెజెస్టిక్‌లో దించేస్తాడు. ఆ చీకట్లో ఎక్కడికి పోవాలి? తెలిసిన కుర్రాడి పీజీ గదిలో మూడొందలిచ్చి రెండు గంటలు నడుం వాల్చి, స్నానం చేసి పోతా. రానూపోనూ నాలుగొందల చిల్లర కిలోమీటర్లు, పోయి అక్కడ కూర్చుని అనంతపురంలో ఉన్న ఇంకొకడితో వీడియో కాల్ మాట్లాడతా. ఇది ఎవరికి చెప్పుకోవాలో తెలీదు. బిల్లులు చదివి లెక్కలో ఎక్కించే సాఫ్ట్‌వేర్ వచ్చాక తొమ్మిది మందిమి అయిదుగురమయ్యాం. ఆరో వాడు పోయిన రోజున గ్రూపులో అందరం "ఆల్ ద బెస్ట్" పెట్టాం, నేనూ పెట్టా. నాకూ ఆ టెన్షన్ ఉంది మామా. రాత్రి తాళం వేసిన బీరువాలో దాన్ని కూడా పెట్టలేం.

ఇప్పుడు నీ లెక్క. నువ్వు చేరింది 2021 ఆగస్టు 16న. ఆరోజు నాకు ఐడీ కార్డు ఫోటో పంపావు, ఆ ఫోటో ఇంకా ఉంది, మనిషివి అప్పుడు సన్నగా ఉన్నావు. అయిదేళ్లు నిండేది ఈ ఆగస్టు 15కి. నీ నోటీసు కూడా 90 రోజులే అన్నావు, నోటీసులో పనిచేసిన రోజులు సర్వీసులోకే వస్తాయి. కాబట్టి ఆగస్టు దాకా ఆగమని చెప్పట్లేదు. మే 20న మెయిల్ పెట్టు, ఆగస్టు 18తో నోటీసు అయిపోతుంది. అంటే ఇవాళ్టికి మూడు నెలలే. "తొందరగా వెళ్లిపో, నోటీసు వద్దులే" అని వాళ్లు తియ్యగా అంటే మాత్రం నాలాగా ఎగిరి గంతేయొద్దు.

ఇంకో సంగతి. పోయిన నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి కదా. జీతంలో అలవెన్సులు సగానికి మించితే, మించినదాన్ని కూడా వేతనంలోనే కలిపి లెక్కేయాలట. నీ స్లిప్పులో బేసిక్ ఎంత చిన్నగా రాశారో నాకు గుర్తుంది, కాబట్టి నీ గ్రాట్యుటీ పెరిగే అవకాశం ఉంది. మానేసినవాడికి రెండు పనిదినాల్లో బాకీ జీతం ఇచ్చేయాలని కూడా ఉంది. నాకు 47 రోజులు పట్టింది. కాగితం మీద రూలు ఆఫీసు గడప ఎలా దాటుతుందో నీ కేసులో చూద్దాం.

ఈ మూడు నెలలు ఎలా గడపాలి అంటావా? నీకు బీరువా ఉంది, తాళం వేసే మనిషి కూడా ఉంది. మొన్న నాతో మాట్లాడినప్పుడు చెల్లెమ్మ ఒకటంది, నీకు చెప్పొద్దంది గానీ చెప్తున్నా: "అన్నా, అన్నం తింటూ కూడా ఫోన్ని చెంబుకి ఆనించి చూస్తాడు" అని. ఆ చెంబు కథ విన్నాకే నీకు ఉత్తరం రాయాలనిపించింది. వాయిస్ మెసేజ్ తర్వాతి సంగతి.

ఉగాది మార్చి 19, గురువారం. కాచిగూడలో పొద్దున్నే వందేభారత్ ఎక్కితే ఓళిగల వేళకు అనంతపురంలో దిగుతావు. శుక్రవారం సెలవు పెట్టు, ఇవ్వనంటే కూడా పెట్టు. వచ్చేటప్పుడు జీతం స్లిప్పులూ, అపాయింట్‌మెంట్ లెటరూ తీసుకురా, ఆ లేబర్ కేసుల మనవాడిని ఇంటికి పిలుస్తా. ల్యాప్‌టాప్ తెస్తే గుమ్మంలోనే మీ చెల్లెలు లాక్కుంటుంది, నాకు సంబంధం లేదు.

అమ్మ లింగోద్భవం టైమయిందా అని రెండోసారి అడుగుతోంది, టీవీ పెట్టాలి. నాన్న జాగరణ అంటూనే కుర్చీలో గురక పెడుతున్నాడు.

ఉంటా.

నీ
మామ