ఏప్రిల్ డీఏ ఎటు పోతోంది? కర్ణాటక కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

బెంగళూరు పీణ్య, బొమ్మసంద్ర పారిశ్రామికవాడల షెడ్లలో జీతాల లెక్కలు చూసే తెలుగు గుమాస్తాలం. ధరల సూచీని బట్టి మీ శాఖ ఏటా ఏప్రిల్ 1 నుంచి కనీస వేతనంలోని డీఏ (కరువు భత్యం) పెంచుతుంది. 2020లో ప్రభుత్వమే దాన్ని వాయిదా వేస్తే హైకోర్టు స్టే ఇచ్చింది. అయితే వాయిదా వేయకుండానే డీఏను మింగేసే దారి ఒకటుంది.

సూచీ 200 పాయింట్లు పెరిగిందనీ, పాయింటుకు 4 పైసలనీ అనుకుందాం. రోజుకు 8 రూపాయలు, 26 రోజులకు 208. ఇప్పుడొక హెల్పర్ పేస్లిప్ తీయండి. మార్చిలో బేసిక్, డీఏ కలిపి 14,000. స్పెషల్ అలవెన్స్ 600. ఏప్రిల్లో అవే 14,208, 392. మొత్తం కదల్లేదు, అదే 14,600! పైగా 12 శాతం పీఎఫ్ పెరిగిన బేసిక్, డీఏ మీద కోస్తారు గనక చేతికొచ్చేది పాతిక రూపాయలు తగ్గుతుంది. పీఎఫ్ అతని ఖాతాకే చేరుతుంది, కాదనం. కానీ ఇంటద్దె దాంతో కట్టలేడు కదా.

యజమానిని అడిగితే 1999 నాటి ఎయిర్‌ఫ్రైట్ తీర్పు చూపిస్తాడు. కర్ణాటక నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన కేసే అది. మొత్తం జీతం కనీస వేతనాన్ని దాటితే డీఏ విడిగా ఇవ్వక్కర్లేదంది. సరే. కానీ ఉన్న అలవెన్స్ కోయడం వేరు. అది సర్వీసు షరతు మార్చడం, దానికి 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు గోడకెక్కడం చాలా అరుదు. మీ ఇన్‌స్పెక్టర్లు మే నెలలో వచ్చి మార్చి, ఏప్రిల్ వేజ్ రిజిస్టర్లు పక్కపక్కన పెడితే చాలు, పది నిమిషాల పని.

ఇదే యజమాని కంప్యూటర్‌తో నడిచే సీఎన్సీ మెషీన్ ఆపరేటర్‌కి మాత్రం ఏప్రిల్ దాకా ఆగడు. పక్క షెడ్డువాడు వెయ్యి ఎక్కువిస్తానంటే ఆ నెలే పెంచుతాడు, మనిషి పోతే మెషీన్ ఆగుతుంది గనక. గేటు బయట పనికోసం నిలబడ్డవాళ్ళున్నంత కాలం హెల్పర్‌కి ఆ బలం లేదు. అతని జీతం కదిలేది మీ ఆర్డరుతోనే.

కాంట్రాక్టు కూలీల సంగతి ఇంకా అన్యాయం. రెండేళ్ళ రేటుకి టెండర్ కుదుర్చుకున్న కాంట్రాక్టరు డీఏ పెరగ్గానే హాజరు కోస్తాడు. 26 రోజులు చేస్తే హాజరు పట్టీలో 24. డీఏ పెరిగితే బిల్లు కూడా పెరగాలన్న షరతు లేని టెండర్లను ముందు ప్రభుత్వ ఆఫీసుల్లోనే ఆపించండి.

ఆర్డరులో రోజు రేటుతో పాటు 26 రోజుల మొత్తాన్ని జోన్లవారీగా ఒకే పేజీలో వేసి మార్చి మొదటి వారంలో గేట్ల దగ్గర అంటించండి. కన్నడలో ఉన్నా ఫర్వాలేదు, అనంతపురం వాళ్ళు కూడబలుక్కుని చదివేస్తారు.

ఇట్లు,
పీణ్య, బొమ్మసంద్ర జీతాల గుమాస్తాలు