టీచర్ ముఖం కనపడితేనే మా అమ్మాయికి పాఠం

సంపాదకుల వారికి,

మా అమ్మాయికి పుట్టుకతోనే వినపడదు. తొమ్మిదో తరగతి. సాయంత్రాలు లెక్కలు ఆన్‌లైన్‌లో నేర్చుకుంటోంది, పక్కన నేను కూర్చుంటాను. స్లైడు తెరంతా పరుచుకోగానే టీచర్ ముఖం తపాలా బిళ్ళంత అయిపోతుంది. పెదవులు చూసి గ్రహించే పిల్లకు పాఠం అక్కడితో ఆగినట్టే. ఇంగ్లీషు మధ్యలో కన్నడ మాట దొర్లితే క్యాప్షన్లు ఏదేదో రాసేస్తాయి. ఇంట్లో మాది తెలుగాయె. విన్నది నేను నోటుబుక్కులో రాస్తే, అది చదివి తను తలెత్తేలోగా టీచర్ తర్వాతి లెక్కలో ఉంటారు. అయినా మానేస్తానని ఒక్కరోజూ అనలేదు. రికార్డింగు ఆపి ఆపి రాత్రి పదింటిదాకా చూస్తుంది. ఆ పట్టుదలను అందరూ మెచ్చుకుంటారు. పసిది అంత శ్రమ ఎందుకు పడాల్సి వస్తోందని ఎవరూ అడగరు.

బధిరులకు తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు చెప్పాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. 2024 డిసెంబరులో సైగల భాషకు కేంద్ర ప్రభుత్వ పాఠాల టీవీ పీఎం ఈ-విద్యలో 31వ చానల్ కూడా వచ్చింది, సంతోషం. కానీ రోజువారీ తరగతిలో టీచర్ వెలుతురుకు ఎదురుగా కూర్చుని, ముఖం పెద్దగా కనపడేలా చూసుకుని, నోట్సు ముందురోజే పంపితే చాలు, మాకు సగం బరువు దిగుతుంది.

సైగల భాష తల్లిదండ్రులకూ రావాలి. బెంగళూరులో ఇన్ని తెలుగు సంఘాలున్నాయి. ఉగాదికి హాలు తీసుకున్నట్టే నెలకో ఆదివారం ఇందుకూ తీసుకోండి. మొదటి వరసలో నేనుంటాను.

– ఒక తల్లి, మారతహళ్ళి, బెంగళూరు