తాళం వేసిన నవలల గురించి విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా విద్యాశాఖాధికారి గారికి,

నమస్కారం. వరంగల్ దగ్గరి మా ఊరి హైస్కూల్లో ప్రేమ, గర్భం, ఆత్మహత్యల ప్రస్తావన ఉన్న నవలలన్నీ లైబ్రరీలోంచి తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. మీ కార్యాలయంలో వినతిపత్రాలు ఇచ్చాం, జవాబు లేదు. అందుకే నలుగురి ముందు రాయాల్సి వస్తోంది.

బాల్యవివాహాల నిషేధ చట్టం 2006లో, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 2012లో వచ్చాయి. అవి కాపాడాల్సింది ఈ తొమ్మిది, పదో తరగతి పిల్లల్నే. తమకు జరిగేది తప్పని వాళ్లకెలా తెలియాలి? ఇంట్లో ఇలాంటి విషయాలు మనం మాట్లాడం, బడిలో వాటికి సంబంధించిన పాఠం దాటేస్తారు. నవల చదివాకే ఒక అమ్మాయి, తనను వేధిస్తున్న బంధువు గురించి టీచరుకు చెప్పగలిగింది. ఆ పుస్తకమూ ఇప్పుడు బీరువాలోనే ఉంది. ఫోన్లో పిల్లలు ఏం చూస్తున్నారో మాత్రం ఎవరికీ పట్టదు!

ఆరో తరగతి వాళ్లకూ అన్నీ ఇవ్వమని మేం అనడం లేదు. వయసును బట్టి అరలు వేరు చేయండి. కథల పుస్తకాలతో సహా ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలని విద్యాహక్కు చట్టం 2009లోనే చెప్పింది. సెప్టెంబర్ 9న, కాళోజీ జయంతి నాడు, తెలంగాణ భాషా దినోత్సవం జరుపుతారు కదా, ఆలోపు తాళం తీయించండి. ఇకపై ఏ పుస్తకాన్ని ఆపినా కారణం రాతపూర్వకంగా ఇప్పించండి. ఆ నిర్ణయం చేసే కమిటీలో టీచర్లతో పాటు తల్లులకూ చోటివ్వండి.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థిని తల్లి