సీత అంటే నాగటి చాలు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఆడపిల్లల పేర్లు, వాటి అర్థాల గురించి వేసిన వ్యాసాన్ని మా ఇంట్లో అందరం చదివాం. అందులో ‘సీత’ అనే పేరుకు ‘తెల్లనిది, చల్లనిది’ అని అర్థం ఇచ్చి, ఆ కిందనే, కష్టాలను గుర్తుకు తెచ్చే పేరు కనుక ఈ కాలపు తల్లిదండ్రులు దీనిని పెట్టకపోవడమే మంచిదన్న ధోరణిలో ఒక వాక్యం చేర్చారు. నేను ముప్పై రెండేళ్లు పాఠశాలల్లో తెలుగు చెప్పి ఉద్యోగ విరమణ చేసినదాన్ని. అంతకుమించి, సీత అనే పేరున్న మూడేళ్ల పిల్లకు అమ్మమ్మను. అందుచేత ఆ రెండు మాటలకూ జవాబు రాయకుండా ఉండలేకపోతున్నాను.

ముందుగా అర్థం సంగతి. ‘తెల్లనిది’ అని చెప్పే సంస్కృత పదం ‘సిత’. అందులో మొదటి అక్షరానికి ఉన్నది గుడి, గుడిదీర్ఘం కాదు. ‘చల్లనిది’ అని చెప్పేది ‘శీత’. శీతకాలం, శీతలం అనే మాటల్లో ఉన్నది అదే, దాని మొదటి అక్షరం తాలవ్య శకారం. దంత్య సకారానికి గుడిదీర్ఘమిచ్చి రాసే ‘సీత’కు ఈ రెంటితోనూ సంబంధం లేదు. సంస్కృత నిఘంటువైన అమరకోశంలో, వైశ్యవర్గం అనే భాగంలో, సేద్యపు పనిముట్ల పేర్లు వరుసగా చెబుతున్న చోట, ‘సీతా లాంగలపద్ధతిః’ అని ఉంది. లాంగలం అంటే నాగలి. పద్ధతి అంటే నడిచిన దారి. నాగలి నడిచిన దారి, అంటే మన పల్లెల్లో రైతు చాలు అనో సాలు అనో పిలిచేదే సీత. తరగతిలో ఈ మూడు పదాలనూ నల్లబల్ల మీద ఒకదాని కింద ఒకటి రాసి చూపించినప్పుడు పిల్లలు ఒక్కసారికే పట్టుకునేవారు. అచ్చులో అవి కలగాపులగమై లక్షల మందికి చేరడం చూస్తే బాధ కలిగింది.

ఈ మాట రామాయణం కంటే పాతది. ఋగ్వేదం నాలుగో మండలంలోని 57వ సూక్తం పొలానికి అధిదేవత అయిన క్షేత్రపతినీ నాగలినీ ఎడ్లనూ తలుచుకునే సూక్తం. అందులోనే ఋషి నాగటి చాలును ‘సుభగే సీతే’ అని పిలిచి, మా వైపు రమ్మని, మాకు మంచి ఫలమిమ్మని ప్రార్థిస్తాడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో రాజుగారి సేద్యపు భూములను చూసే అధికారి పేరు సీతాధ్యక్షుడు. ఏ విత్తనం ఎప్పుడు చల్లాలో, వాన రాకడను ఎలా కనిపెట్టాలో అతను తెలిసి ఉండాలి. అంటే ఆ పదం దేవతకు పేరైంది, పొలానికీ పేరైంది, ప్రభుత్వంలో ఒక శాఖకూ పేరైంది.

ఇక రామాయణంలో ఆ పేరు ఎలా వచ్చిందో రెండు చోట్ల ఉంది. బాలకాండలో జనకుడు విశ్వామిత్రుడితో, తాను పొలం దున్నుతూ ఉండగా నాగలి కదిపిన నేలలోంచి ఆమె లభించిందనీ, అందుకే సీత అనే పేరు వచ్చిందనీ చెబుతాడు. అయోధ్యాకాండ చివర అనసూయాదేవి అడిగితే సీత తన కథను తానే చెప్పుకుంటుంది. ఎన్నిసార్లు చదివినా నన్ను ఆపేసే మాట అక్కడుంది. పిడికిళ్లతో గింజలు చల్లుతున్న జనకుడు, ఒళ్లంతా దుమ్ము కొట్టుకుని ఉన్న తనను చూసి విస్తుపోయాడట. గింజలు పడుతున్న దుక్కిలో మన్ను పూసుకున్న పసిపాప: ఆ కావ్యంలో మనం సీతను మొదట చూడవలసింది అలా.

నేను పుట్టింది సేద్యం ఇంట్లో కాబట్టి ఆ దృశ్యం నాకు పుస్తకంలోదిగా అనిపించదు. ఏరువాక నాడు నాన్న ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, తొలి చాలు వేసేవాడు. మేడి మీద చెయ్యి నొక్కగానే కర్రు దిగేది. పైన తెల్లగా ఎండి ఉన్న మట్టి రెండు పక్కలకూ విరిగిపడి, లోపలి నలుపు, దాంట్లోంచి ఒక రకమైన తడి వాసన, చల్లదనం బయటపడేవి. వెనకాల అమ్మ కొంగులో విత్తనాలు పోసుకుని, ఆ చాలు పొడుగునా వేలి సందుల్లోంచి ఒక్కొక్కటీ జారవిడుస్తూ నడిచేది. చాలు వంకర పోతే నాన్న ఎడ్లను ఆపి, వెనక్కి తిరిగి చూసుకుని, మళ్లీ సరిచేసేవాడు. ఆడపిల్లకు పెట్టడానికి ఇంతకంటే శుభమైన మాట మన భాషలో నాకు దొరకలేదు.

మరో విషయం కూడా గమనించమని కోరుతున్నాను. జానకి, మైథిలి, వైదేహి అనే పేర్లను మీ వ్యాసం మెచ్చుకుంది. అవీ అందమైన పేర్లే. అయితే జానకి అంటే జనకుడి కూతురు, మైథిలి అంటే మిథిలకు చెందినది, వైదేహి అంటే విదేహ రాజ్యానికి చెందినది. అవన్నీ తండ్రిని బట్టో, దేశాన్ని బట్టో వచ్చినవి. ఆమెకు పుట్టుకతో వచ్చిన సొంత పేరు సీత ఒక్కటే. ఆ సొంత పేరునే మనం పక్కన పెడుతున్నాం.

పక్కన పెడుతున్న మాట నిజమే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకే తరగతిలో ముగ్గురు సీతలుండేవారు. పెద్ద సీత, చిన్న సీత, తూర్పువీధి సీత అని పిలుచుకునేవాళ్లం. హాజరుపట్టీలో సీతమ్మలు, సీతారత్నాలు, సీతామహాలక్ష్ములు సరేసరి. విరమణకు ముందు ఆఖరి నాలుగైదేళ్లలో ఆ పేరుతో ఒక్క పిల్లనూ పిలిచిన జ్ఞాపకం లేదు. కొత్త పేర్ల మీద మోజు ఒక కారణం, సంఖ్యాశాస్త్రం ఒక కారణం. వాటిని నేను తప్పు పట్టను. ఎవరి పిల్ల పేరు వారి ఇష్టం. కానీ భయంతో ఒక పేరును వదిలిపెట్టడం వేరు.

ఆ భయాన్ని మా ఇంట్లోనే చూశాను. మనవరాలి బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేరు రాయడానికి మా అల్లుడు కూర్చున్నాడు. ‘సీ’ రాయగానే బంధువుల్లో ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని, “వద్దు నాయనా, ఆ పేరు పెడితే అడవుల పాలవుతుంది, సీత కష్టాలు మన పిల్లకెందుకు?” అంది. ఇల్లంతా ఒక్క క్షణం నిశ్శబ్దమైపోయింది. ఆవిడ పిల్ల మీద ప్రేమతోనే అన్నదని నాకు తెలుసు, అందుకే నెమ్మదిగానే అడిగాను: “వదినా, పద్నాలుగేళ్లు అడవుల్లో తిరిగింది రాముడు కూడా కదా? మన ఇంట్లోనే ముగ్గురు రాములున్నారు. వాళ్ల పేర్లు పెట్టిన నాడు రాముడి కష్టాలు వస్తాయని ఎవరైనా అన్నారా?” ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే అల్లుడి చెయ్యి వదిలి, “రాయి నాయనా” అంది.

సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అని మనకు సామెత ఉంది. ఎవరి కష్టాలు వారికి ఉంటాయని చెప్పడానికి పుట్టిన సామెత అది. సీత పేరు పెట్టవద్దని చెప్పడానికి పుట్టలేదు. పైగా కష్టాల్లో ఆ తల్లి ఎలా నిలబడిందో కూడా చూడాలి కదా. అడవికి వద్దన్న రాముడితో ఆమె, ముళ్లను తొక్కుకుంటూ నీకంటే ముందు నేనే నడుస్తానంటుంది. అశోకవనంలో రావణుడితో మాట్లాడవలసి వచ్చినప్పుడు మధ్యన ఒక గడ్డిపరకను ఉంచి మాట్లాడుతుంది. భద్రాచల రామదాసు గోల్కొండ చెరసాలలో కూర్చుని, తన మాట రాముడికి చెప్పమని వేడుకున్నది కూడా సీతమ్మనే. ఆమె చెబితే రాముడు వింటాడని ఆయనకు నమ్మకం.

తెలుగువాళ్లు ఆమెను కష్టాల మనిషిగానే చూసి ఉంటే, కంటికి ఇంపైన ప్రతిదానికీ ఆమె పేరు పెట్టుకునేవారు కాదు. రెక్కల మీద రంగులున్న పురుగును చూసి, సీత కట్టిన కోకను తలుచుకుని సీతాకోకచిలుక అన్నాం. భద్రాచలం దగ్గరి పర్ణశాలలో వాగు ఒడ్డున బండల మీది రంగు చారలను చూపించి, సీతమ్మ చీరలు ఆరేసుకున్న చోటని ఇప్పటికీ చెబుతారు. బతుకమ్మలో పేర్చే ఎర్రని పూలలో సీతజడ ఉంది. అమెరికా ఖండం నుంచి సముద్రం దాటి వచ్చిన పండు కూడా మన దగ్గర సీతాఫలమైంది. ఆడవాళ్లు పాడుకున్న పాటల్లో సీత వామనగుంటలాడుతుంది, అలుగుతుంది. మగవాళ్ల పేర్లలో సైతం ఆమె ఉంది: 1922లో మన్యంలో తిరుగుబాటు నడిపిన అల్లూరి సీతారామరాజు పేరులోనూ, 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్య పేరులోనూ రాముడికంటే ముందు నిలిచింది. మన జానపద గీతాలను ఊరూరా వినిపించిన వింజమూరి సోదరీమణుల పేర్లు అనసూయ, సీత. పైన చెప్పిన అయోధ్యాకాండ సంభాషణలో కూర్చున్న ఇద్దరి పేర్లూ అవే కావడం తలుచుకుంటే నాకు ఎంతో ఆనందంగా ఉంటుంది. మన దేశం దాటి వెళితే ఇండొనేషియాలో ఆమె షింతా. అక్కడ ఆడపిల్లలకు నేటికీ ఆ పేరు పెట్టుకుంటున్నారు.

సంపాదకులుగారూ, వచ్చే ఆదివారం అనుబంధంలో ఒక చిన్న సవరణ వేయమని కోరుతున్నాను. ‘సీత: నాగటి చాలు’ అని రెండు మాటలు చాలు. సిత, శీత అనే పదాలతో కలిసిపోకుండా గుడిదీర్ఘాన్నీ దంత్య సకారాన్నీ అచ్చులో ఒకసారి సరిచూసుకోండి. కష్టాలను గురించిన ఆ వాక్యాన్ని కూడా వెనక్కి తీసుకోండి. ఈ వారంలో కూడా ఎక్కడో ఒక ఇంట్లో పళ్లెంలో బియ్యం పోసుకుని, ఉంగరం పట్టుకుని కూర్చునే తండ్రి ఒకడు ఉంటాడు. అతని చేతిలో మీ పత్రిక ఉండవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని